ప్రభుత్వం కొంటే విద్యుత్ పొదుపు పరికరాలు చౌకవుతాయా? ఎల్1 నిబంధన (అందరికన్నా తక్కువ ధర వేసిన బిడ్డరుకే ఆర్డరు ఇవ్వాలన్నది) ఉండగా చిన్న మున్సిపాలిటీ ఏం చేయగలదు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఎల్‌ఈడీ బల్బు ధర అంతగా పడిపోవడం ప్రభుత్వ కొనుగోళ్ల వల్లేనా, లేక ఎలాగూ పడిపోయేదేనా అన్నది మొదటిది. మీ మున్సిపాలిటీలో వీధిదీపాలు, పంపులు, ఫ్యాన్లు కొనేటప్పుడు "తక్కువ ధర వేసినవారికే ఇవ్వాలి, మన చేతిలో ఏమీ లేదు" అంటున్నారు, అది నిజమా అన్నది రెండోది.

ముందు జవాబులు చెప్పేస్తాను. అవును, ప్రభుత్వం కొంటే ధర తగ్గుతుంది, సాంకేతికత కూడా మెరుగుపడుతుంది. అయితే ప్రభుత్వం దగ్గర డబ్బు ఎక్కువ కాబట్టి కాదు. తయారీదారుకు మూడు సంగతులు ముందే ఖాయంగా తెలిసినప్పుడే ఇది జరుగుతుంది: ఎన్ని కొంటారు, ఏ ప్రమాణంతో కొంటారు, డబ్బు ఎప్పుడు ఇస్తారు. ఈ మూడింటిలో ఒక్కటి లోపించినా మిగిలేది మామూలు టోకు బేరమే. ఇక ఎల్1 మీ చేతులు కట్టేయదు. దేన్ని లెక్కగట్టి ఎల్1 తేల్చాలో టెండరు రాసేవారే నిర్ణయిస్తారు.

నేను ఒక విద్యుత్ పంపిణీ సంస్థ కొనుగోళ్ల విభాగంలో ట్రాన్స్‌ఫార్మర్లు, మీటర్ల టెండర్లు చూస్తూ పదవీ విరమణ చేశాను. ఆ తర్వాత వీధిదీపాలు, నీటి పంపుహౌసుల విషయంలో కొన్ని మున్సిపాలిటీలకు సలహాలిస్తున్నాను. కింద రాసేదంతా ఆ పని చేసిన మనిషి దృష్టితో చూడండి.

ఎల్‌ఈడీ కథ అసలు ఎలా నడిచింది

ఎన్టీపీసీ, పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్, ఆర్‌ఈసీ, పవర్‌గ్రిడ్ కలిసి 2009లో ఎనర్జీ ఎఫిషియెన్సీ సర్వీసెస్ లిమిటెడ్‌ను, అంటే ఈఈఎస్‌ఎల్‌ను పెట్టాయి. 2014 ఆరంభంలో ఆ సంస్థ టోకున కొన్న ఎల్‌ఈడీ బల్బు ధర 310 రూపాయలు. అదే ఏడాది ద్వితీయార్ధంలో 204కు దిగింది. 2015 మధ్యకు 73. 2016లో 64.41, ఆపైన 54.90, ఆ ఏడాది ముగిసేలోపు 38. మొదట్లో కొన్నవి 7 వాట్లవి, తర్వాత కొన్నవి 9 వాట్లవి. అంటే వెలుగు పెరుగుతూ ధర తగ్గింది. దేశమంతటా ఈ పథకం 2015 జనవరిలో మొదలైంది, ఉజాలా అన్న పేరు తర్వాత వచ్చింది. ఇప్పటిదాకా పంచిన బల్బులు 36 కోట్ల పైమాటే.

పుదుచ్చేరి తర్వాత దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించింది ఆంధ్రప్రదేశ్‌లోనే. 2014లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో మొదలుపెట్టారు. పాత ఫిలమెంటు బల్బు తెచ్చి ఇచ్చి, పది రూపాయలు కడితే ఎల్‌ఈడీ బల్బు చేతికిచ్చేవారు, ఇంటికి రెండు. మిగతా ఖర్చును ఈఈఎస్‌ఎల్ ముందుగా పెట్టుకుని, కరెంటు ఆదా నుంచి డిస్కంల (విద్యుత్ పంపిణీ సంస్థల) ద్వారా విడతలుగా రాబట్టుకుంది.

ఇక్కడ చాలామంది ఒక అనుమానం లేవనెత్తుతారు. కరెంటు అమ్ముకునే డిస్కం తన అమ్మకాలు తగ్గించే బల్బును ఎందుకు పంచుతుంది? గృహ వినియోగంలో కింది స్లాబులకు కరెంటును కొన్న ధరకన్నా తక్కువకు అమ్ముతారు. అక్కడ అమ్మే ప్రతి యూనిటూ డిస్కంకు నష్టమే. పైగా ఇంటి దీపాలన్నీ వెలిగేది సాయంత్రం ఆరు నుంచి పది మధ్య, కరెంటు అత్యంత ఖరీదుగా దొరికే వేళ. 60 వాట్ల బల్బు స్థానంలో 7 వాట్లది వెలిగితే ఆ గంటల్లో బయట నుంచి కొనాల్సింది తగ్గుతుంది. డబ్బు కట్టేవారికే లాభం దక్కేలా లెక్క కుదిరింది కాబట్టి పథకం నిలబడింది.

అంతకుముందు సీఎఫ్‌ఎల్ బల్బుల విషయంలో ఇలా కుదరలేదు. 2009లో బచత్ ల్యాంప్ యోజన వచ్చింది. పదిహేను రూపాయలకే సీఎఫ్‌ఎల్ ఇచ్చి, మిగతా ఖర్చును అంతర్జాతీయ కార్బన్ క్రెడిట్లు (కాలుష్యం తగ్గించినందుకు దక్కే, అమ్ముకోగల పత్రాలు) అమ్మి తెచ్చుకోవాలన్నది ఆలోచన. ఈ రకం ప్రాజెక్టుల్లో తొలిదశలో నమోదైన వాటిలో విశాఖపట్నం ప్రాజెక్టు ఒకటి. తర్వాత కార్బన్ క్రెడిట్ల ధర కుప్పకూలింది, పథకమూ ఆగిపోయింది. బల్బులో లోపం లేదు. డబ్బు చెల్లించేది ఎక్కడో ఉన్న మార్కెట్టు, అది చేతులెత్తేసింది.

మరి ధర ఎలాగూ తగ్గేది కాదా?

తగ్గేది. ఈ మాట దాచకూడదు. ఎల్‌ఈడీ చిప్‌ల ధర ఆ సంవత్సరాల్లో ప్రపంచమంతటా తగ్గుతూనే ఉంది, దాన్ని మన ప్రభుత్వం తగ్గించలేదు. కానీ బల్బు ధరలో చిప్ ఒక భాగం మాత్రమే. చిన్న చిన్న లాట్లలో దిగుమతి చేసుకునే ఖర్చు, అమ్ముడవుతాయో లేదోనని సరుకు నిల్వ పెట్టుకునే భయం, డీలరు లాభం, ప్రకటనల ఖర్చు, వీటన్నింటినీ కలుపుకునే దుకాణంలో ధర అంత ఉండేది. కోట్ల సంఖ్యలో ఆర్డరు ఖాయమనగానే ఆ భారంలో పెద్ద భాగం తొలగింది. తయారీదారులు ఇక్కడే బల్బులు బిగించే లైన్లు పెట్టుకున్నారు.

టెండరు పెట్టిన తీరు కూడా చూడండి. ఒకే సంస్థతో ఐదేళ్లకు ఒప్పందం రాసుకుని ఉంటే 310 దగ్గరో 204 దగ్గరో ఇరుక్కుపోయేవారు. అలా కాకుండా తక్కువ వ్యవధిలో మళ్ళీ మళ్ళీ టెండర్లు పిలిచారు. సరుకును ఒక్కరికే కాకుండా పలువురికి పంచారు. ఈసారి పోయినా వచ్చే టెండరు ఉంది కాబట్టి ఓడిన సంస్థ కర్మాగారం మూసుకోలేదు, ధర తగ్గించుకుని మళ్ళీ వచ్చింది. నా దృష్టిలో ఈఈఎస్‌ఎల్ చేసిన అసలు పని ఇదే. పోటీని చంపకుండా పెద్ద ఆర్డరు ఇవ్వడం కొనుగోళ్లలో చాలా కష్టమైన విద్య.

ప్రభుత్వ కొనుగోలు శక్తికి ఇంకో ముఖం అమెరికాలో కనిపిస్తుంది. 1992లో అక్కడి పర్యావరణ సంస్థ కరెంటు తక్కువ తినే పరికరాలకు ఎనర్జీ స్టార్ ముద్రను తెచ్చింది. 1993లో అధ్యక్షుడు క్లింటన్ ప్రభుత్వ కార్యాలయాలు ఎనర్జీ స్టార్ ప్రమాణం ఉన్న కంప్యూటర్లనే కొనాలని ఉత్తర్వు ఇచ్చారు. వాడనప్పుడు యంత్రం తనంతట తానే నిద్రావస్థలోకి వెళ్ళాలన్నది ప్రధాన షరతు. ప్రభుత్వానికి ఒక రకం, మామూలు జనానికి ఇంకో రకం తయారుచేయడం కంపెనీలకు గిట్టదు. అందుకే ఆ సౌకర్యం అందరి కంప్యూటర్లలోకీ వచ్చేసింది. 2001లో బుష్ ఇచ్చిన ఉత్తర్వు స్విచ్ ఆపినా పరికరాలు తాగే కరెంటును ఒక వాటుకు తగ్గించే దిశగా ఇదే పని చేసింది. ఇక్కడ ప్రభుత్వం ధర గురించి బేరమాడలేదు, ప్రమాణం గురించి పట్టుబట్టింది. చిన్న సంస్థలు నేర్చుకోవలసింది ఈ రెండో దారినే అంటాను.

ఎల్1 అంటే దేనిలో తక్కువ?

ట్రాన్స్‌ఫార్మర్ల టెండరు ఎలా తేలుస్తారో చెబితే విషయం తేటపడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను కొనే ధర ఒకటి, పాతికేళ్ల పాటు స్తంభం మీద కూర్చుని అది తినే కరెంటు ఇంకొకటి. లోడు ఉన్నా లేకపోయినా ఇనుములో పోయే నష్టం, లోడును బట్టి వైండింగులో పోయే నష్టం, రెండింటికీ వాటుకు ఇంత అని విలువ కట్టి, బిడ్డరు వేసిన ధరకు కలిపేవాళ్లం. ఆ మొత్తంలో ఎవరు తక్కువైతే వారే ఎల్1. డిస్కంలలో ఇది చాలాకాలంగా ఉన్న పద్ధతి. తక్కువ ధర నిబంధన పూర్తిగా పాటించినట్టే, ఆడిట్‌లో అభ్యంతరం రాదు.

అంకెల్లో చూపిస్తాను. భారతీయ ప్రమాణం ఐఎస్ 1180 (2014) ప్రకారం 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ సగం లోడు మీద ఉన్నప్పుడు గరిష్ఠ నష్టం మొదటి సామర్థ్య స్థాయిలో 520 వాట్లు, మూడో స్థాయిలో 435 వాట్లు. తేడా 85 వాట్లే, వినడానికి ఏమంత కాదు. ఏడాదికి 8,760 గంటలు. 85 వాట్లను దానితో గుణిస్తే దాదాపు 745 యూనిట్లు. యూనిట్ ఐదు రూపాయలనుకున్నా ఏటా 3,700 పైన. పాతికేళ్లకు ఎంతవుతుందో మీరే లెక్కవేయండి. ఇలాంటివి ఒక జిల్లాలో వేలల్లో ఉంటాయి. ధర ఒక్కటే చూసి కొంటే ఈ నష్టమంతా ఎవరి లెక్కలోకీ రాకుండా పోతుంది.

ఈ పద్ధతి మున్సిపాలిటీలో మొదట పనికొచ్చేది నీటి పంపుల దగ్గర. రోజుకు పదహారు గంటలు తిరిగే పంపుసెట్టుకు కొన్న ధరను కరెంటు బిల్లు తొలి ఏడాదిలోనే దాటేస్తుంది. అయినా నేను చూసిన ఇండెంట్లలో (కొనుగోలు కోరుతూ రాసే పత్రాల్లో) చాలావాటిలో "ఇంత హార్స్‌పవర్ మోటారు, ఇంత హెడ్డు" అని మాత్రమే ఉంటుంది, సామర్థ్యం శాతం ఎక్కడా ఉండదు. అది రాయకపోతే మంచి పంపు తయారుచేసేవాడు మీ టెండరులో గెలవడం అసాధ్యం. హామీ ఇచ్చిన సామర్థ్యాన్ని ధర బిడ్డులో భాగం చేయండి, పరీక్షలో తేలకపోతే తిరస్కరిస్తామని లేదా తేడాను కోసుకుంటామని రాయండి. ఈ రెండో వాక్యం లేకపోతే మొదటిది కాగితం మీదే ఉంటుంది.

వీధిదీపాలు: వాట్లు కాదు, వెలుగు కొనండి

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసిన తర్వాత నగరంలో తొంభై వేలకు పైగా వీధిదీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. పెట్టుబడి ఈఈఎస్‌ఎల్‌ది, తిరిగి చెల్లింపు ఆదా నుంచి. దేశంలోని మిగతా నగరాలకు అది నమూనా అయింది. దాన్ని చూసి చాలా పట్టణాలు సొంతంగా టెండర్లు పిలిచాయి. అక్కడే పొరపాట్లు జరిగాయి.

ఒక పట్టణంలో "పాత సోడియం దీపం తీసి 45 వాట్ల ఎల్‌ఈడీ బిగించాలి" అని రాశారు. వచ్చినవి నిజంగానే 45 వాట్లవి. బిల్లు తగ్గింది. రోడ్డు మసకబారింది. ఆర్నెల్లలో కౌన్సిలర్ల ఒత్తిడితో ప్రతి స్తంభానికీ రెండో దీపం తగిలించారు, ఆదా అంతా ఆవిరైపోయింది. వాట్లంటే దీపం తినే కరెంటు, అది ఇచ్చే వెలుగు కాదు. వాటుకు ఎన్ని ల్యూమెన్లు (వెలుగును కొలిచే ప్రమాణం), రోడ్డు మీద సగటున ఎంత వెలుగు పడాలి, స్తంభానికీ స్తంభానికీ మధ్య చీకటి మడుగు ఎంతకు మించకూడదు అన్నవి రాయాలి. రోడ్డు దీపాలకు ఐఎస్ 1944 ఉంది, దాన్ని ఆధారం చేసుకోండి.

శాంపిళ్లను విప్పించి చూడమని నేను అడుగుతూ ఉంటాను. ఒకసారి రెండు కంపెనీల దీపాలను బల్ల మీద పక్కపక్కన విప్పించాం. బయటికి రెండూ ఒకేలా ఉన్నాయి, రెండింటి వెలుగూ పరీక్షలో దాదాపు సమానం. డ్రైవర్ పలక (దీపానికి కరెంటును సరిచేసి ఇచ్చే సర్క్యూటు) బయటికి తీయగానే తేడా తెలిసింది. ఒకదానిలో కెపాసిటర్ మీద 105 డిగ్రీలని ముద్ర, కరెంటు వచ్చే చోట సర్జ్‌ను (హఠాత్తుగా ఎగసే వోల్టేజీని) ఆపే నీలి రంగు బిళ్ల, పలక మొత్తానికి తేమ తగలకుండా పూత. రెండోదానిలో కెపాసిటర్ 85 డిగ్రీలది, సర్జ్ బిళ్ల ఉండాల్సిన చోట రెండు ఖాళీ రంధ్రాలు. మన వేసవిలో స్తంభం మీద లోహపు డబ్బాలో ఆ కెపాసిటర్ ఎంతకాలం బతుకుతుంది? న్యూట్రల్ తెగి వోల్టేజీ 400 దగ్గరికి ఎగబాకితే ఒక్క రాత్రిలో వీధి వీధంతా ఆరిపోతుంది. ఆ రెండో దీపం ధరే తక్కువ. స్పెసిఫికేషనులో సర్జ్ రక్షణ, 440 వోల్టులు తట్టుకునే షరతు, దుమ్మూ నీరూ చొరబడని ఐపీ66 కవచం ముందే రాసి ఉండటంతో దాన్ని సాంకేతిక దశలోనే పక్కన పెట్టగలిగారు. రాసి ఉండకపోతే అదే ఎల్1 అయ్యేది, చట్టప్రకారం ఎవరూ ఏమీ అనలేకపోయేవారు.

దీపాలు మార్చే ముందు మీటర్లు పెట్టండి. వీధిదీపాల స్విచ్ ప్యానెళ్లకు మీటర్లే లేని పట్టణాలు ఎన్నో ఉన్నాయి, అక్కడ ఆదా ఎంతో చెప్పే ఆధారం ఉండదు, కాంట్రాక్టరుతో తగాదా తప్పదు. ఒక చోట మీటర్లు బిగించి నెల రోజులు చూస్తే, సగం ప్యానెళ్లు ఉదయం పదింటికి కూడా వెలుగుతున్నాయని తేలింది. అక్కడ ముందుగా కొనాల్సింది టైమర్లు.

ఫ్యాన్లు, ఏసీలు

కార్యాలయాలకూ పాఠశాలలకూ ఫ్యాన్ల లెక్క సులువు. పాత రకం సీలింగు ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాను 30 వాట్ల చుట్టూ. రోజుకు పది గంటలు, ఏడాదికి 250 పనిదినాలు అనుకుంటే 112 యూనిట్ల ఆదా. యూనిట్ 8 రూపాయలైతే ఏటా 900. ధరలో వెయ్యి, పదిహేను వందల తేడా రెండేళ్లలోపే తీరుతుంది. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు స్టార్ ముద్ర తప్పనిసరి కూడా అయింది. కాబట్టి "ఫ్యాను, 1200 ఎంఎం" అని ఇండెంటు రాసే రోజులు పోవాలి.

కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనలు, 2017లోని 173వ నిబంధన ప్రకారం నోటిఫై చేసిన విద్యుత్ ఉపకరణాలు నిర్ణీత స్టార్ రేటింగుకు తగ్గకుండా ఉండాలి. అది కేంద్ర శాఖలకు వర్తిస్తుంది, మిమ్మల్ని నేరుగా కట్టడి చేయదు. అయినా మీ కౌన్సిల్ తీర్మానంలో దాన్ని ఉటంకిస్తే ఆడిటర్ ముందు మీకు గట్టి ఆసరా. నా అనుభవంలో అధికారులు మంచి పరికరం కొనడానికి వెనకాడేది తెలియక కాదు, రేపు ఎవరో ప్రశ్నిస్తారని. ఆ భయానికి మందు రాతపూర్వకమైన ఆధారమే.

పెద్ద ఆర్డరు ఫలించని చోట్లు

ప్రతిదీ ఎల్‌ఈడీ బల్బులా సాగదు. ఇది చెప్పకపోతే మీకు తప్పుడు ఆశ కల్పించినట్టవుతుంది. 2016 ఏప్రిల్‌లో విజయవాడలో వ్యవసాయ పంపుసెట్లకూ ఫ్యాన్లకూ జాతీయ పథకాలు మొదలుపెట్టారు. 2017లో లక్ష సమర్థమైన ఏసీలకు టెండరు పిలిచారు. అదే ఏడాది ప్రభుత్వ కార్యాలయాల కోసం పదివేల విద్యుత్ కార్లకు టెండరు పిలిచారు. వీటిలో ఏదీ బల్బుల్లా దేశాన్ని చుట్టేయలేదు.

కారణం పరికరాల స్వభావంలో ఉంది. బల్బును ఇంటికి తీసుకెళ్లి ఎవరైనా బిగించుకోగలరు, పాతదానికీ కొత్తదానికీ వాడకంలో తేడా లేదు. ఏసీకి బిగించేవాడు కావాలి, సర్వీసు కావాలి. కారుకు చార్జింగు స్థలం కావాలి, ఒక్క చార్జితో వెళ్ళే దూరం అధికారి రోజువారీ తిరుగుడుకు సరిపోవాలి. ఇక ఉచిత కరెంటు ఉన్న రైతుకు పొదుపు పంపు వల్ల తన జేబులో మిగిలేది లేదు. పాత పంపు నీళ్లు బాగానే తోస్తుంటే దాన్ని ఎందుకు ఇచ్చేస్తాడు? ఆదా అయ్యేది ప్రభుత్వానికి, ఇబ్బంది పడేది రైతు. వాడేవారికి ఏమి దక్కుతుందో తేల్చకుండా ఎంత పెద్ద ఆర్డరు ఇచ్చినా సరుకు గోదాములోనే ఉంటుంది.

చెల్లింపు సంగతి

చివరగా, అందరూ దాటవేసేది ఇదే. మీ మున్సిపాలిటీ బిల్లులు ఏడాది ఆలస్యంగా చెల్లిస్తుందని పేరుంటే బిడ్డరు ఆ వడ్డీని ధరలో కలిపే వేస్తాడు, మంచి కంపెనీలు అసలు రావు. ఆదా నుంచి చెల్లించే ఒప్పందాల్లో ఇది మరీ ప్రమాదం. దేశవ్యాప్తంగా వీధిదీపాల పథకంలో స్థానిక సంస్థల బకాయిలు పేరుకుపోయి, నిర్వహణ కుంటుపడి, ఆరిన దీపాలు ఆరినట్టే ఉన్న పట్టణాలు ఉన్నాయి. కరెంటు బిల్లులో తగ్గిన మొత్తం సాధారణ నిధిలో కలిసిపోతే ఇంకో ఖర్చు దాన్ని మింగేస్తుంది. దానికి విడిగా ఎస్క్రో ఖాతా (ఒప్పందంలో చెప్పిన చెల్లింపులకే వాడే ఖాతా) తెరిపించండి, ప్రతి నెలా ముందుగా అందులో జమ అయ్యాకే మిగతా చెల్లింపులు జరిగేలా ఒప్పందంలో రాయించండి. ఈ ఒక్క షరతుతో వేసే ధర తగ్గుతుంది, కొత్త బిడ్డర్లూ వస్తారు.

మీ ఒక్క పట్టణం కొనే సంఖ్య చిన్నదైతే పక్క మున్సిపాలిటీలతో మాట్లాడి ఒకే స్పెసిఫికేషను మీద కలిసి టెండరు పిలవండి. ఇంజనీరింగు విభాగాల మధ్య ఇది అనుకున్నంత కష్టం కాదు, కష్టమంతా ఎవరి పేరు మీద పిలవాలన్న దగ్గరే.

మీ దగ్గర టెండరు ముసాయిదా సిద్ధంగా ఉంటే సాంకేతిక షరతుల పేజీ, చెల్లింపు షరతుల పేజీ ఇక్కడ పెట్టండి, మున్సిపాలిటీ పేరు తీసేసి. పంపుహౌసు వివరాలు కూడా ఉంటే రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందో, గత పన్నెండు నెలల బిల్లులు ఎంతో కలిపి రాయండి. ఏది ముందు మార్చాలో వాటిని చూసి చెబుతాను.